కుక్కపిల్ల గడప దాటాక

కనకగిరి గుట్టల అంచున చండ్రుగొండ మండలం ఊళ్ళలో కుక్కపిల్లకు మరుగు నేర్పడం అనే పని మొన్నమొన్నటిదాకా ఎవరూ పెట్టుకోలేదు. ఆ అవసరమే రాలేదు. కుక్క ఇంటిదే గానీ ఇంట్లోది కాదు. దాని చోటు వాకిలి, పశువుల కొట్టం, చలికాలమైతే వెచ్చటి బూడిద కుప్ప. కుక్క ఈనితే రాత్రిళ్ళు నక్క భయానికి కూనల మీద కోళ్ళ గంప బోర్లించి పైన రాయి పెట్టేవాళ్ళు. తెల్లారి గంప ఎత్తగానే కళ్ళు పూర్తిగా విప్పని నిద్రలోనే కూన నాలుగడుగులు పక్కకు పోయి, మట్టి వాసన చూసి, ఉచ్చ పోసుకుని తిరిగొచ్చేది. గంప కింద గడ్డి మాత్రం పొడిగానే ఉండేది.

ఇప్పుడు డాబా ఇళ్ళు వచ్చాయి, టైల్స్ వచ్చాయి. కొత్తగూడెం నుంచో ఖమ్మం నుంచో లాబ్రడార్ పిల్లను తెచ్చుకుంటున్నారు. దాని వెనకే ఇనప తీగల క్రేట్ కూడా పార్సిల్‌లో దిగుతోంది. ఆ డబ్బా కొత్తదే. అది ఆధారపడిన గుణం, అంటే పడుకున్న చోటును తడపకపోవడం, మాత్రం చాలా పాతది.

మన పాత పుస్తకాల్లో కుక్క అడవి పనివాడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వేటగాళ్ళు, కుక్కలవాళ్ళు అడవుల్లో తిరుగుతూ కాపలా కాయాలని ఉంది. ధూర్జటి తిన్నని కథలోనూ కుక్కలు వేటకు తోడు. పడుకునేది ఆరుబయట కాబట్టి దాని మలమూత్రాల గురించి ఎవరికీ బెంగ లేదు. కుక్కలను గుంపుగా ఒక కప్పు కింద పెట్టినప్పుడే ఆ చింత మొదలవుతుంది. దాని ఆనవాలు ఫ్రాన్సులో దొరుకుతుంది. 1387లో గాస్తోఁ ఫెబ్యూస్ అనే ప్రభువు రాయడం మొదలుపెట్టిన వేట గ్రంథంలో కుక్కల శాల ఎలా ఉండాలో వివరంగా చెప్పాడు. వెనక తలుపు ఎండ పడే పెరట్లోకి తెరుచుకోవాలి, కుక్కలు ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి పోవాలి. గడ్డి రోజూ మార్చాలి. లోపల గడ్డి చుట్టిన గుంజలు పాతాలి, కుక్కలు పక్క తడపకుండా వాటి మీదే పోసుకోవడానికి. రాత్రిపూట ఒక కుర్రవాడు కుక్కలతోనే పడుకోవాలి. ఆరు వందల ఏళ్ళు దాటినా ఈ ఏర్పాటులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. కుక్కను కొట్టమని కాకుండా, దానికి దారి చూపమని చెప్పాడు కాబట్టే దీన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ తర్వాత కాలం అంత మంచిది కాదు. కుక్క ఇళ్ళలోకి వచ్చాక గదిలో తడి చేస్తే మూతిని అందులో రుద్దడం, కర్ర తీయడం మామూలైపోయింది. మన దగ్గరా ఇప్పటికీ చేస్తున్నారు. 1910లో జర్మన్ పోలీసు కుక్కల శిక్షకుడు కాన్రాడ్ మోస్ట్ రాసిన పుస్తకంలో బలవంతం దండిగానే ఉంది. కానీ శిక్ష అయినా, మెచ్చుకోలు అయినా పని జరిగిన ఆ క్షణానికే అతకాలన్నది ఆయన గట్టిగా పట్టుకున్న మాట. పది నిమిషాల కిందటి తడికి ఇప్పుడు దెబ్బ పడితే కుక్కపిల్ల నేర్చుకునేది ఒకటే: ఈ మనిషి ఎదుట ఉచ్చ పోయకూడదని. అందుకే అది తర్వాత మంచం కిందో తలుపు చాటునో పోస్తుంది.

అసలు విషయం తల్లి దగ్గర ఉంది. పుట్టిన కూన తనంతట తాను విసర్జించలేదు. తల్లి పొట్ట కింద నాకితేనే వస్తుంది, వచ్చినదాన్ని తల్లే శుభ్రం చేసేస్తుంది. మూడు వారాలు నిండేసరికి కూన పడక దాటి పోవడం మొదలెడుతుంది. అమెరికాలో బార్ హార్బర్ పరిశోధనశాలలో కుక్కలను ఏళ్ళ తరబడి గమనించిన స్కాట్, ఫుల్లర్ 1965లో తమ గ్రంథంలో ఇంకో మాట చేర్చారు: దాదాపు ఎనిమిదిన్నర వారాలకు పిల్ల ఒక ఫలానా చోటును ఎంచుకుని అక్కడికే పోవడానికి అలవాటు పడుతుంది. ఆ రోజుల్లో దాని కాళ్ళ కింద మట్టి ఉంటే తర్వాత కూడా మట్టే వెతుక్కుంటుంది. టైల్ ఉంటే టైలే.

క్రేట్ మొదట ప్రయాణపు సామాను. కుక్కల ప్రదర్శనలకు, రైళ్ళలో, విమానాల్లో తీసుకెళ్ళడానికి వాడేవాళ్ళు. దాన్ని ఇంట్లో పాఠానికి మలిచినవాళ్ళలో బాగా పేరున్న మనిషి ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు. 1982లో కాలిఫోర్నియాలో కుక్కపిల్లల బడి పెట్టాడు. ఆయన లెక్క సూటిగా ఉంటుంది. పడుకున్న చోటును పిల్ల తడపదు కాబట్టి కాసేపు చిన్న చోట ఉంచు, ఆపుకుంటుంది. బయటికి తియ్యగానే పోస్తుంది. ఎప్పుడు పోస్తుందో నీకు ముందే తెలుసు కాబట్టి సరైన చోటికి తీసుకెళ్ళి, పోయగానే తినడానికి ముక్క పెట్టు. అంటే క్రేట్ ఇక్కడ గడియారం పని చేస్తోంది. లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడక, ఇంకో మూల మరుగుదొడ్డి అవుతుంది.

కుక్క గుహలో బతికే జంతువు, కాబట్టి క్రేట్ దానికి ఇష్టమే అని అమ్మేవాళ్ళు చెప్పే మాట సగమే నిజం. వీధి కుక్క బొరియ చూసుకునేది ఈనడానికి. కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ చోటు కూడా మనుషులకు దగ్గరగానే ఎంచుకుంటుంది. కూనలు కొద్ది వారాలకే బయటపడతాయి. మనకు దక్షిణాన కొల్లేటి ప్రాంతపు జోనంగి జాగిలానికి గుంట తవ్వుకుని పడుకునే అలవాటుంది. ఆ గుంటకు తలుపు లేదు, గొళ్ళెం లేదు. స్వీడన్, ఫిన్లాండ్‌లలో ప్రయాణం, పోటీల వంటి సందర్భాలు తప్పిస్తే ఇంట్లో కుక్కను క్రేట్‌లో బంధించి ఉంచడాన్ని చట్టం ఒప్పుకోదు. ఇక మన దగ్గర, కొత్తగూడెం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి వేడి దించుకోవాలి. రేకుల కప్పు కింద మూసిన క్రేట్‌లో పిల్లను వదిలి పొలానికి పోతే ప్రాణం పోతుంది.

మనదేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటున్నాయి. అయినా ముప్పై, నలభై రోజుల పిల్లలు అట్టపెట్టెల్లో చేతులు మారుతూనే ఉన్నాయి. తల్లి దగ్గర పొడి పడక ఎరగని పిల్ల, ఇరుకు బోనులో తన మలంలోనే పడుకుని పెరిగిన పిల్ల, క్రేట్‌లో పెట్టినా ఆపుకోదు. ఆ పిల్లకు క్రేట్ పక్కన పెట్టి, ఫెబ్యూస్ చెప్పినట్టు పెరట్లోకి తలుపు తెరిచి, లేచినప్పుడల్లా, తిన్నప్పుడల్లా, ఆడినప్పుడల్లా అదే చోటికి తీసుకెళ్ళాలి. నెలలు పడుతుంది. ఇంట్లో తడి చేసిన చోట ఫినాయిల్ ఒక్కటే పోస్తే మన ముక్కుకు సరిపోతుందేమో గానీ, కింద వాసన దానికి తెలుస్తూనే ఉంటుంది. ఎంజైమ్ ఉన్న ద్రావణంతో కడగాలి. కొనే ముందు మాత్రం ధర అడగడానికి ముందే తల్లిని చూపించమనండి, అది పడుకున్న గోనెసంచి చేత్తో తడిమి చూడండి.