ఒగ్గు... ఇప్పుడు లాగు

ఇంజను ఆగింది. చెవుల్లో హోరు తగ్గేసరికి తెప్ప అంచుకు నీళ్లు కొట్టుకోవడం వినిపిస్తోంది. పూడిమడక గట్టు ఎప్పుడో కనుమరుగైంది. ఈ తీరంలో నేల తొందరగా లోతుకు జారిపోతుంది కాబట్టే, అనకాపల్లి జిల్లా మత్స్యకారులు ఇంత చిన్న ఫైబర్ తెప్పల మీద, నలుగురైదుగురు మనుషులతో, పెద్ద సూరల (పసుపు రెక్కల ట్యూనా చేపల) కోసం రాగలుగుతున్నారు. పచ్చనీళ్లు వెనకబడ్డాయి. చుట్టూ సిరా నీలం. వందల బారల కింద గాని అడుగు తగలదు.

తెల్లవారుతోంది. ముందు కూర్చున్న పెద్దాయన చూపు ఆకాశం మీదే ఉంది. పిట్టలు ఒకచోట సుడి తిరుగుతూ నీళ్లలోకి దూకుతున్నాయంటే, కింద చిన్నచేపల్ని ఏదో పైకి తరుముతున్నట్టే. డాల్ఫిన్ల గుంపు కనబడినా ఆశ పుడుతుంది. వాటి కింద సూరలు ఈదుతుంటాయి. ఫోనులో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల సూచన కూడా ఉంది. సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని, ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ బట్టి చేపలు చేరే చోటు చెబుతారు! ఆ సూచనే ఇక్కడిదాకా తీసుకొచ్చింది. ఇక దారి చూపాల్సింది పిట్టలే.

కుర్రాడు డ్రమ్ములో చెయ్యి పెట్టి బతికున్న ఎరచేపను పట్టుకున్నాడు. వీపు రెక్కకు కాస్త ముందు, వెన్నుకు తగలకుండా, గాలం గుచ్చుతున్నాడు. వెన్ను దెబ్బతింటే ఎర చచ్చిపోతుంది. చచ్చిన ఎర మునుగుతుందే గాని పారిపోదు, పారిపోయేదాన్ని చూస్తేనే సూరకు ఆత్రం. గాలం దగ్గర కొన్ని బారల మేర రంగులేని నైలాన్ దారం కట్టారు. ఈ చేపకు చూపు చాలా ఎక్కువ. దారం మందమైతే దగ్గరికే రాదు, సన్నమైతే వచ్చిన చేప నిలవదు.

తాడు మీ ముందే చుట్టలు చుట్టలుగా పడి ఉంది.

"అక్కడ కాలెట్టకు బాబూ. చుట్టలో కాలడితే చేపతోపాటు నువ్వూ ఎల్లిపోతావు."

మీరు కాళ్లు ముడుచుకునేలోపే తాడు కదిలింది. మెల్లగా జారింది, ఆగింది, ఉన్నట్టుండి బుసబుసమంటూ పరిగెత్తింది.

"ఒగ్గీరా! ఒగ్గీ!"

ఎవరూ తాడును కుదపలేదు. ఇది కొన లోపలికి తిరిగిన గుండ్రం గాలం. చేప వెనుదిరిగి పారిపోతుంటే దవడ మూలలో దానంతట అదే తగులుకుంటుంది. కొమ్ముకోనాం చేప అయితే ఈపాటికి నీళ్లలోంచి పైకి ఎగిరేది. ఇది తిన్నగా కిందికి దిగుతోంది. సూరే! తెప్ప అంచున ఒరుసుకుపోతున్న తాడు మీద ఒకడు నీళ్లు పోస్తున్నాడు. కుర్రాడి వేళ్లకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి, తాడును మాత్రం చేతికి ఒక్క చుట్టు కూడా చుట్టడు. చుట్టినవాడికి వదిలే వీలుండదు. 2012లో మెక్సికో సముద్రంలో పడిన 193 కిలోల సూరది అప్పట్లో ప్రపంచ రికార్డు. అది రాడ్డూ రీలూ ఉన్న ఆటగాళ్ల లెక్క. ఇక్కడ చేతులే రీలు.

అలాగని ఎంతసేపైనా ఒగ్గుతూ కూర్చోడానికి లేదు. సూర ఒళ్లు చుట్టూ ఉన్న నీటికన్నా వేడిగా ఉంటుంది. కండల్లో పుట్టిన వేడి బయటికి పోకుండా, పక్కపక్కనే అల్లుకున్న రక్తనాళాలు దాన్ని లోపలికే మళ్లిస్తాయి. పెనుగులాట సాగేకొద్దీ ఆ వేడి పెరుగుతుంది, కండలో ఆమ్లం పేరుకుంటుంది, ఎర్రగా మెరవాల్సిన మాంసం పాలిపోయి మెత్తబడుతుంది. పచ్చిగా తినేవాళ్ల దేశాలకు ఆ చేప పనికిరాదు. తొందరపడితే తాడు తెగుతుంది, ఆలస్యమైతే ధర తెగుతుంది.

తాడు వాలు తగ్గి నిలువైంది. సూర తెప్ప కింద గుండ్రంగా తిరుగుతోంది.

"ఆగు... ఆగు... ఇప్పుడు లాగు!"

చుట్టులో అది తెప్ప వైపు వచ్చే సగంలోనే లాగుతున్నారు, దూరం జరిగే సగంలో బిగబట్టి నిలుపుతున్నారు. చుట్టుకు ఒక బార, కలిసొస్తే రెండు. వంగి చూడండి. నీలం లోపల వెండి మరక పక్కకు ఒరిగింది, కొడవళ్లలాంటి పొడవాటి పసుపు రెక్కలు మెరిశాయి.

కొక్కెం తలలోనే పడాలి. ఒంట్లో దిగితే మంచి కండకు చిల్లు. ముగ్గురు కలిసి పైకి లాగారు. తోక తెప్పను దబదబా బాదుతోంది. పెద్దాయన కళ్ల మధ్య మెత్తటి చోటు వేలితో తడిమి, ఇనుప ముల్లు మెదడులోకి దించాడు. ఒళ్లంతా ఒక్కసారి వణికి చేప సడలింది. పక్క రెక్క వెనక కత్తి గాటు పెట్టగానే మీ పాదాల మీదికి వచ్చిన రక్తం వెచ్చగా తగిలింది. వెంటనే మొప్పలు, పేగులు తీసేసి ఐసులోకి తోశారు. ఈ పని అన్ని తెప్పల్లోనూ ఇంత శ్రద్ధగా జరగదు. నన్నడిగితే తప్పు మనుషులది కాదు. ఇంత చిన్న తెప్పలో ఐసు పెట్టుకునే చోటే తక్కువ, పైగా కొనేవాడు మంచి చేపకూ మామూలు చేపకూ ఒకే ధర కడితే ఎవరికి పట్టింది?

పిట్టలు ఇంకా అక్కడే తిరుగుతున్నాయి. కుర్రాడు డ్రమ్ములో మళ్లీ చెయ్యి పెట్టాడు. పెద్దాయన అతన్ని ఆపి, గాలం పైన దారాన్ని రెండు వేళ్ల మధ్య జార్చి చూశాడు. గరుకు తగిలిన చోటినుంచి బారెడు కోసి పారేసి, గాలం కొత్తగా కట్టమని చేతికిచ్చాడు.