బడిపంతులు చేసిన కోత మిషన్

వరికోతలప్పుడు మడిలో దిగిన హార్వెస్టర్ ముందు భాగాన్ని ఒకసారి చూడండి. పలకలు బిగించిన చక్రం తిరుగుతూ పైరును లోపలికి వంచుతుంది. దాని కింద ఇనప పళ్ల మీద కత్తి అటూ ఇటూ ఆడుతూ మొదళ్లు కోస్తుంది. ఈ రెండింటినీ ఒకే బండికి ఎక్కించిన తొలివాళ్లలో ఒకాయన ఇంగ్లండు ఉత్తర కొసన, నార్తంబర్లండ్‌లోని రెన్నింగ్టన్ పల్లెలో బడిపంతులు. పేరు హెన్రీ ఓగల్.

కోతకు యంత్రం అన్న ఊహ అప్పటికే చాలా పాతది. గాల్ దేశపు పొలాల్లో ఎద్దు వెనకనుంచి తోసే పళ్లపెట్టె ఒకటి కంకుల్ని తెంపుకుంటూ పోయేదని ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. దాన్ని లోకం మరిచిపోయింది, కొడవలే మిగిలింది. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో మళ్లీ ప్రయత్నాలు మొదలయ్యాయి. గ్లాడ్‌స్టన్, స్మిత్ లాంటివాళ్లు గుండ్రటి కత్తిని గిరగిరా తిప్పి కోయించాలని చూశారు.

ఓగల్ ఆ దారిన పోలేదు. 1822లో ఆయన చేసిన నమూనా చూసి, పక్కనున్న ఆల్నిక్ పట్టణంలో ఇనప పోతపని చేసే బ్రౌన్ తండ్రీకొడుకులు పెద్ద యంత్రమే కట్టారు. గుర్రాలు ముందునుంచి లాగుతాయి. కోసే భాగం పక్కకు ఉంటుంది కాబట్టి అవి పైరును తొక్కవు. కోసిన పైరు వెనకనున్న బల్ల మీద పడుతుంది, పనకు సరిపడా పోగవగానే కిందికి దించేస్తారు. పొలంలో పెట్టి చూస్తే కోసింది కూడా.

చిక్కు యంత్రంలో లేదు. రైతులు కొనడానికి వెనకాడారు. పైగా కూలీలు కొందరు, ఈ పని మానకపోతే చంపేస్తామని బ్రౌన్‌ను బెదిరించారు. యంత్రం అక్కడితో ఆగిపోయింది. ఈ సంగతి ఓగలే తర్వాత మెకానిక్స్ మ్యాగజైన్‌కు రాశాడు.

కూలీలను తప్పుపట్టడం నాకు చేతకాదు. నెపోలియన్‌తో యుద్ధం 1815లో ముగిశాక సైనికులు ఇళ్లకు చేరారు, చేతులు ఎక్కువై పని తక్కువైంది. కోతల కూలితోనే ఏడాది అప్పులు తీర్చుకునే కుటుంబానికి ఈ బండి శత్రువులాగే కనిపిస్తుంది. రైతు లెక్కా అంతే: మనుషులు చవగ్గా దొరుకుతుంటే ఇనుము మీద డబ్బెందుకు పోస్తాడు? ఇలాంటి కోపంతోనే 1830లో దక్షిణ ఇంగ్లండు కూలీలు నూర్పిడి యంత్రాల్ని ఊరూరా విరగ్గొట్టారు.

ఓగల్ తర్వాత, స్కాట్లండ్‌లో మతవిద్య చదువుకుంటున్న ప్యాట్రిక్ బెల్ 1828లో గుర్రాలు వెనకనుంచి తోసే కోత యంత్రం చేశాడు. పొలంలో మొదటి పరీక్ష రాత్రిపూట, సోదరుడొక్కడినే తోడు పెట్టుకుని కానిచ్చాడు. పేటెంటు తీసుకోలేదు.

అమెరికాలో పరిస్థితి తిరగబడి ఉంది. భూమి విస్తారం, కోతకాలంలో మనిషి దొరకడమే కష్టం. అక్కడ హస్సీ అనే ఆయన 1833లో, మెకార్మిక్ అనే ఆయన 1834లో కోత యంత్రాలకు పేటెంట్లు పొందారు. మెకార్మిక్ యంత్రంలోనూ తిరిగే చక్రం, ఆడే కత్తి, బల్ల ఉన్నాయి. ఆయన ఓగల్‌ది చూసి చేశాడనడానికి మాత్రం ఆధారం లేదు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఆ అమెరికన్ యంత్రానికి పతకం దక్కాక, ఎవరు ముందన్న వాదనలో బ్రిటిష్‌వాళ్లు ఓగల్ పేరును బయటికి తీశారు. అప్పటికి వాళ్ల రైతులు అమెరికన్ నమూనాలు కొనడం మొదలుపెట్టేశారు.