గొర్రెకూ సొమ్ముకూ ఒకే మాట

ఐస్‌లాండ్ భాషలో గొర్రెలనూ డబ్బునూ పిలిచే మాట ఒక్కటే: ‘ఫ్యే’. సంస్కృత ‘పశు’, లాటిన్ ‘పెకుస్’ దీనికి దాయాదులు. మన ‘పశువు’ ఆ సంస్కృతం నుంచి వచ్చిందే కాబట్టి, రోజూ మన నోట్లో నలిగే మాటకు ఉత్తరధ్రువ వలయం అంచున చుట్టం ఉంది. ఎంత దూరపు బంధుత్వం!

ఆ సొమ్ము విలువ తెలిసేది సెప్టెంబరులో. వేసవంతా కాపరి లేకుండా కొండల్లో మేసిన గొర్రెలను రైతులు గుర్రాలెక్కి, లోయలూ వాగులూ గాలించి తోలుకొస్తారు. ఈ గాలింపుకు ‘నడకలు’ అనే అర్థమిచ్చే పేరు. ముందుండి నడిపే పెద్ద ‘కొండరాజు’. తోలుకొచ్చిన గొర్రెలను చేర్చే దొడ్డి పేరు ‘ర్యెత్త్’. చాలాచోట్ల గుండ్రంగా ఉంటుంది. నడిమి ఆవరణలోకి మందనంతా తోలి, చెవికోతల గుర్తులు చూసి, ఎవరి గొర్రెలను వారి అరలోకి లాక్కెళతారు. ఇరుగుపొరుగులు, చుట్టాలు, పిల్లలు అందరూ సాయం పడతారు.