క్రిస్మస్ పాక (ఒంగోలు)

క్రిస్మస్‌కు ఇంట్లో బల్లమీద చేతితో అమర్చే యేసు జనన దృశ్యం. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సిసి ఫ్రాన్సిస్ ఏర్పాటుచేసిన పశువులపాక దీనికి మూలమని చెబుతారు. ఒంగోలు విషయానికొస్తే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1878 జూలై 3న ఒంగోలు సమీపాన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ ప్రాంతంలో క్రిస్మస్ పెద్ద పండుగగా స్థిరపడటానికి ఆ మిషన్ కృషి తోడ్పడింది.

తయారీ: అట్టపెట్టెపై వరిగడ్డి కప్పి పాక కడతారు. గోధుమరంగు కాగితాన్ని నలిపి, నలుపు, ఆకుపచ్చ సిరాలు అద్ది కొండలుగా నిలబెడతారు. వెదురుపుల్లల చట్రానికి మైదా జిగురుతో వెండిరంగు తళుకు కాగితం అంటించి నక్షత్రం చేస్తారు. నక్షత్రానికి రంగు వేయాలంటే, నీటిసిరా ఆ తళుకు కాగితంపై నిలవదు. స్పిరిట్ కలిసిన మార్కర్ సిరా త్వరగా ఆరి పట్టుకుంటుంది. గడ్డి, కాగితం ఇట్టే అంటుకుంటాయి కనుక కొవ్వొత్తులను పాకకు దూరంగా ఉంచాలి.