జెనోవాలో రుద్రమ్మ కబురు

ముందు సముద్రం, వెనక కొండ ఉన్న ఊళ్లో కాపరం చేసే ఆడవాళ్లకి మోకాళ్ల నొప్పులు రాకూడదని దేవుణ్ణి ప్రార్థించాలి. ఇటలీలోని జెనోవా అలాంటి ఊరు. మా విహారనౌక అక్కడ ఒక్క పగలే ఆగింది. బస్సులో సుఖంగా చూద్దామన్నారు మావారు. నడవందే ఊరు మనకి చుట్టం కాదన్నాను నేను.

రేవు దాటగానే సన్నని సందులు. ఆరేడంతస్తుల ఇళ్లు ఒకదానితో ఒకటి గుసగుసలాడుతున్నట్టు ఒరిగి ఉంటాయి. ఎదురుగా గొడుగేసుకుని మనిషొస్తే మన గొడుగు ముడుచుకోవలసిందే! ఒక మూల కట్టెల పొయ్యిలో శనగపిండి అట్టు కాలుతోంది. ఫరినాటా అంటారట. అల్లం, మిరపకాయ లేని లోటు తప్పిస్తే మన అట్లకి దూరపు చుట్టమే.

ఆయాసపడుతూ కాస్తెల్లెత్తో గుట్ట ఎక్కాం. కిందికి దిగడానికి 1909 నాటి లిఫ్టు ఉంది. అక్కడ లిఫ్టంటే ఇంట్లో ఉండేది కాదు, వీధిలో ఉండేది! పైనుంచి చూస్తే నల్లరాతి పలకల కప్పులు, వాటికవతల 1543లో కట్టిన దీపస్తంభం, ఆపైన నీలంగా సముద్రం.

కానీ నన్ను కదలనీయకుండా నిలబెట్టింది రేవు ఒడ్డున ఉన్న సాన్ జార్జో భవనం. 1260లో కట్టారు. 1407 తర్వాత యూరప్ లోని తొలి బ్యాంకుల్లో ఒకటి అందులోనే నడిచింది. అంతకు ముందు కొన్నాళ్లు అది ఖైదు. జెనోవాకీ వెనిస్ కీ జరిగిన యుద్ధంలో పట్టుబడ్డ మార్కోపోలోని 1298లో అక్కడే ఉంచారంటారు. ఊసుపోక ఆయన తన ప్రయాణాల కథ చెబుతుంటే, తోటి ఖైదీ, పీసా రచయిత రుస్తికెల్లో రాసుకున్నాడు.

ఆ కథలో మనమున్నామండీ! ముత్ఫిలి అనే రాజ్యం గురించి చెప్పాడాయన. అది మన మోటుపల్లి రేవు. అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత సన్నని బట్టల గురించీ చెప్పి, ఆ దేశాన్ని ఏలే రాణి న్యాయం తప్పదని, ప్రజలకి ఆమె అంటే ప్రాణమని మెచ్చుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవి.

అయితే ఒక చిక్కుంది. ఆమెని రాజుగారి వితంతువన్నాడు పోలో. ఆడది సింహాసనమెక్కిందంటే మొగుడు పోయి ఉంటాడనే అనుకున్నాడు కాబోలు! నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. తండ్రి రాజ్యాన్ని కూతురిగానే అందుకుంది. అందుకోసం శాసనాల్లో రుద్రదేవ మహారాజని మగపేరు మోయవలసి వచ్చిందనుకోండి. చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289లో కన్నుమూసింది. అంటే జెనోవా ఖైదులో ఆమెని పొగిడేనాటికి ఆమె పోయి తొమ్మిదేళ్లు. మనిషి పోయినా మంచిపేరు ఇంకా ప్రయాణం చేస్తూనే ఉంది.

ఆ పేరు వెనక తండ్రి వేసిన దారీ ఉంది. తుపానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారు. ఇకమీదట సుంకం తప్ప ఏమీ ముట్టుకోమని గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. ప్రాణాన్ని మించి ధర్మాన్ని కాపాడాలనుకున్న ఇంట్లో పెరిగిన పిల్ల న్యాయం తప్పకపోవడంలో వింతేముంది?

జెనోవా వాళ్లు తమ రేవు కథని రాయి రాయికీ గుర్తుపెట్టుకున్నారు. మనం? చీరలు కొనడానికి చీరాల దాకా వెళ్లి, బేరాలాడి, మూటలతో తిరిగొస్తాం. మరికాస్త దక్షిణంగా పోతే మోటుపల్లి వస్తుంది. అక్కడి వీరభద్రుడి గుడిలో ఆ శాసనస్తంభం ఉంది. ఈసారి చీరలకి వెళ్లినప్పుడు, ఒక్క పూట దానికీ కేటాయిద్దామా?