నూలు పోగు నుంచి పచ్చ కాంతి దాకా

గుండె చప్పుడును లెక్కపెట్టే అలవాటు మనిషికి చాలా ఆలస్యంగా వచ్చింది. మన వైద్యులు చెయ్యి పట్టుకుని వాతనాడి పాములా పాకుతోందనీ, పిత్తనాడి కప్పలా గెంతుతోందనీ, కఫనాడి హంసలా సాగుతోందనీ చెప్పేవారు. శార్ఙ్గధర సంహితలో ఈ విద్య ఉంది. వాళ్లకు కావలసింది నాడి నడక తీరు, అంకె కాదు.

17వ శతాబ్దం మొదట్లో ఇటలీ వైద్యుడు సాంటోరియో దారానికి గుండు కట్టి ఊపాడు. ఆ ఊపు నాడితో కలిసేదాకా దారాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోయి, చివరికి దాని పొడవునే కొలతగా తీసుకున్నాడు. అంటే మొదట్లో నాడిని బెత్తలతో కొలిచారన్నమాట! నిమిషానికి ఇన్నిసార్లు అన్న లెక్కకు ఊతమిచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ ఫ్లోయర్. సరిగ్గా ఒక్క నిమిషం నడిచే గడియారం చేయించుకుని, 1707లో పుస్తకమే రాశాడు.

అసలు మలుపు 20వ శతాబ్దం ఆరంభంలో హాలండులోని లైడెన్‌లో వచ్చింది. విలెమ్ ఐంథోవెన్ ఈసీజీ యంత్రం బరువు సుమారు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల జాడీల్లో పెట్టుకుని కూర్చోవాలి. గుండెలో పుట్టే అతి సన్నని విద్యుత్తు ఆ ఉప్పునీళ్ల గుండా యంత్రానికి చేరేది. ఈ పనికే ఆయనకు 1924లో నోబెల్ వచ్చింది.

ఆటల మైదానంలో మాత్రం నాడి చూడటానికి ఇంకా వేళ్లే దిక్కు. 1930లలో జర్మనీ కోచ్ గెర్ష్లర్, హృద్రోగ నిపుణుడు రైండెల్ కలిసి ఒక పద్ధతి పెట్టారు: నాడి 180కి చేరేలా పరుగు, 120కి దిగేదాకా విరామం. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తాడు. ఆ రికార్డు 16 ఏళ్లు నిలిచింది. వైర్‌లెస్ మానిటరు పుట్టకముందే దాన్ని ఎలా వాడాలో తెలిసిపోయిందన్నమాట. వేగంతో కాదు, గుండె కోలుకునే తీరుతో సాధనను కొలవాలన్నది వాళ్ల కిటుకు.

ఆ పరికరం ఫిన్లండ్ నుంచి వచ్చింది. మంచులో స్కీయింగ్ చేస్తూ చేతి తొడుగు తీసి నాడి పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించండి. ఔలూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సెప్పో సైనాయాకంగాస్ 1977లో పోలార్ కంపెనీ పెట్టాడు. 1982లో ఛాతీ పట్టీ, చేతి గడియారం జంట బజారులోకి వచ్చింది. ఈ పట్టీ ఐంథోవెన్ జాడీలకు మనవరాలే. అందుకే కట్టుకునే ముందు దాని ఎలక్ట్రోడ్లను తడపాలి. పొడిగా ఉంటే చెమట పట్టేదాకా అంకెలు పిచ్చిపిచ్చిగా గెంతుతాయి.

చేతి గడియారాల్లోని పచ్చ కాంతిది వేరే వంశం. అది విద్యుత్తును చూడదు. చర్మం కింద రక్తం పొంగే కొద్దీ మారే వెలుగును చూస్తుంది. 1930లలో అమెరికాలో హెర్ట్జ్‌మన్ చేసిన ప్రయోగాలు దీనికి పునాది. 2010 తర్వాత అందరి మణికట్టుకూ చేరింది. నడకకు, నింపాది జాగింగుకు ఇది చాలు. మణికట్టు ఎముకకు వేలెడు పైన కాస్త బిగించి పెట్టుకోవాలి. వదులుగా ఉంటే ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగులనే లెక్కపెడుతుంది. ఆగి ఆగి వేగంగా పరుగెత్తేవాళ్లు మాత్రం పట్టీ కొనడమే మేలు. పట్టీ ఇబ్బందైతే మోచేతి కింద కట్టే బ్యాండు మధ్యే మార్గం.

కొలత ఇంత సూక్ష్మమైనా, దాన్ని పోల్చుకునే హద్దు దగ్గర, అంటే గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదన్న దగ్గర, ఇంకా పాత మోటు లెక్కే. 220 లోంచి వయసు తీసెయ్యడమన్న సూత్రం 1970ల మొదట్లో స్థూల అంచనాగా పుట్టింది. 2001లో టనాకా అనే పరిశోధకుడి బృందం 208 లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయమంది. అరవై ఏళ్లవాళ్లకు మొదటి లెక్క 160 అంటే, రెండోది 166 అంటుంది. ఏ లెక్కైనా సగటే. మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా మామూలు. పైగా మన మే నెల ఎండలో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అప్పుడు అంకెను నమ్మి వేగం తగ్గించడమే సరైనది. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ సూత్రాలేవీ పనికిరావు, ఆ మందు గుండెను పైకి ఎగరనివ్వదు. అలాంటివాళ్లు తమ హద్దేదో డాక్టరునే అడగాలి. అంతవరకూ ఆయాసపడకుండా పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలో నడవాలి.