"ఎంతమంది?" అంటే "ఒక్కరే" – త్యాగరాయనగరంలో ఒంటరి విస్తరి కథ



"ఒక్కరికోసం పొయ్యి వెలిగించడం ఎందుకు" అని మన ఇళ్ళలో తరచూ వింటుంటాం. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. తోడు వెళ్ళిపోయి ఉంటుంది. ఒంటరిగా మిగిలిన పెద్దాయనో పెద్దావిడో రెండు అరటిపళ్ళు, గ్లాసు మజ్జిగతో రాత్రి గడిపేస్తారు. వీధి చివరే హోటలున్నా వెళ్ళరు. "ఒక్కరమే కూర్చుని తింటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అన్న నామోషీ. మన సభ్యుల్లోనూ ఇలాంటివారున్నారు కాబట్టే ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాం. నిజానికి హోటలు పుట్టిందే ఒంటరివాడి కోసం. మన టీనగర్ చరిత్రే అందుకు సాక్ష్యం.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. డబ్బుకు అన్నం పెట్టే ఇల్లు తెలుగువాళ్ళకు కొత్త కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు చూడవచ్చిన మిత్రులిద్దరికి పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనం గురించి ఎంత నోరూరేలా రాశారో చదివినవారికి తెలుసు. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను మరిచిపోయినవారెవరు? ఊరు కాని ఊళ్ళో చుట్టాలు లేని మనిషికి ఆ ఇల్లే దిక్కు. పూటకు ఇంత అని ఇచ్చి కూర్చుంటే, నీ వెంట ఎవరొచ్చారని అడిగే పని లేదు. పేరులోనే ఉంది చూడండి. లెక్క పూటకే గాని కుటుంబానికి కాదు.

ఇక మన పేట సంగతి. వందేళ్ళ క్రితం ఇక్కడ ఉన్నది నీళ్ళు. నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు సాగిన పెద్ద చెరువును ఇంగ్లీషువాళ్ళు లాంగ్ ట్యాంక్ అనేవారు. 1923 ప్రాంతంలో మాంబళం పథకం కింద ఆ చెరువును ఎండగట్టి వీధులు వేశారు. కొత్త పేటకు పెట్టిన పేరు తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టి, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారిది. మధ్యలోని పార్కుకు అప్పటి ముఖ్యమంత్రి, పానగల్లు రాజా రామరాయనింగారి పేరు వచ్చింది. 1931లో బీచి నుంచి తాంబరం దాకా కరెంటు రైలు నడవడంతో మాంబళం స్టేషను పేటకు వాకిలి అయింది. ఆ వాకిలి గుండా వచ్చినవారిలో చాలామంది ఒంటరిగానే వచ్చారు. ఆఫీసు గుమాస్తాలు, కాలేజీ కుర్రాళ్ళు, తర్వాత కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో వేషం కోసం తెనాలి నుంచీ రాజమండ్రి నుంచీ రైలెక్కిన మనవాళ్ళు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయి మద్రాసు ఇటే ఉండిపోయినా, తెలుగు సినిమా చాలాకాలం ఇక్కడే ఉంది. పాండీబజారు హోటళ్ళలో కాఫీ గ్లాసు ముందు పెట్టుకుని అవకాశం కోసం ఎదురుచూసిన తెలుగువాళ్ళకు లెక్కలేదు.

ఈ ఒంటరివాళ్ళను నమ్ముకునే మెస్సులు బతికాయి. నెల మొదట్లో డబ్బు కట్టి టోకెన్లు తీసుకుంటారు. పూటకొక టోకెను ఇచ్చి కూర్చోవడమే. జేబులో డబ్బు అయిపోయినా నెలాఖరు దాకా అన్నానికి లోటుండదు. ఆకలి పెద్దదైతే ఫుల్ మీల్సు, చిన్నదైతే 'అళవు సాప్పాడు', అంటే కొలత భోజనం. నలుగురు పట్టే బల్ల మీద ముక్కూ మొగమూ తెలియని నలుగురు కూర్చుంటారు. అందువల్ల ఒక్కడు వస్తే హోటలుకు మూడు కుర్చీల నష్టం లేదు. వచ్చినవాడికి "నేనొక్కణ్ణే" అన్న బెంగా లేదు. ఎదుటివాడు సాంబారు కలుపుకుంటుంటే మనం రసంలో ఉంటాం. మాట్లాడనక్కర్లేదు, అలాగని ఒంటరితనమూ ఉండదు. ఇవాళ కొన్ని ఖరీదైన చోట్ల ఒంటరివాణ్ణి చూసి మొహం చిట్లించేది ఎందుకంటే, అక్కడ బల్ల పంచుకునే అలవాటు లేదు గనక.

అయితే పాత రోజులన్నీ బంగారమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ బల్ల దగ్గర అందరికీ చోటు ఉండేది కాదు. బ్రాహ్మణేతరుల కోసం పార్టీ పెట్టిన మనిషి పేరు పేటకు పెట్టుకున్న ఇదే నగరంలో, హోటళ్ళు కులం చూసి కూర్చోబెట్టిన రోజులున్నాయి. పూటకూళ్ళ ఇళ్ళదీ అదే తీరు. హోటళ్ళలోకి అందరికీ ప్రవేశం ఉండాలని 1950లో రాజ్యాంగం 15వ అధికరణంలో చెప్పింది. ఆ తర్వాత కూడా, 1957లో ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ బోర్డు మీద 'బ్రాహ్మణాళ్' అన్న మాట తీసేయాలని పెరియార్ ఉద్యమం నడపాల్సి వచ్చింది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. 'ఫ్యామిలీ రూము' అని తెర కట్టి ఉండేది. కుటుంబంతో వస్తే ఆ తెర వెనక కూర్చోవాలి. ఒక్కతే వచ్చిన ఆడమనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో సర్వరుకే తెలిసేది కాదు. మన అమ్మమ్మల కాలంలో ఉద్యోగం చేసిన ఆడవాళ్ళు టిఫిన్ డబ్బా వదలకపోవడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. పూటకూళ్ళమ్మ ఊరందరికీ వండి పెట్టింది గాని, తను వేరే ఊరు వెళ్తే కూర్చుని తినడానికి చోటు ఎక్కడ?

ఆ తెర ఇప్పుడు చాలావరకు పోయింది. 2013లో చెన్నై కార్పొరేషను అమ్మ ఉణవగాలు తెరిచినప్పుడు ఇడ్లీ ఒక రూపాయి, సాంబారన్నం 5 రూపాయలు, పెరుగన్నం 3 రూపాయలు. వండేదీ వడ్డించేదీ స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు. టోకెను తీసుకుని నిలబడి తిని వెళ్ళిపోవచ్చు. పూటకూళ్ళ సంప్రదాయం కులం అడ్డు లేకుండా మళ్ళీ పుట్టినట్టు మాకు అనిపిస్తుంది.

మరి ఒంటరిగా తినడానికి మంచి చోటు ఏది? ఇన్నేళ్ళ అలవాటు మీద మేము చూసుకునే గుర్తులు ఇవి. బల్ల పంచుకునే అలవాటు ఉండాలి. ధర గోడ మీద రాసి ఉండాలి. ఒక్కరికి సరిపడా కొలత భోజనమో టిఫినో దొరకాలి. ఆడవాళ్ళు ఒక్కరే కూర్చుని తింటూ కనబడాలి. ఈ నాలుగోది ఉంటే మొదటి మూడూ చాలావరకు ఉన్నట్టే. మన పేటలో మాంబళం స్టేషనుకు పడమటి వైపు సందుల్లోని చిన్న మెస్సుల్లో, ఉస్మాన్ రోడ్డు మీది నిలబడి తినే టిఫిన్ సెంటర్లలో, జి.ఎన్. చెట్టి రోడ్డులో ఆకు మీద ఇడ్లీ వేసే చోట ఈ గుర్తులు దొరుకుతాయి. పాండీబజారులో 2019లో వెడల్పు చేసిన నడకదారి మీద బెంచీలున్నాయి. పొట్లం కట్టించుకుని అక్కడ కూర్చున్నా అడిగేవారు లేరు. పెద్దవాళ్ళు మధ్యాహ్నం పన్నెండు లోపు, సాయంత్రం ఏడు లోపు వెళ్తే రద్దీ ఉండదు, సర్వరు ఓపిగ్గా వడ్డిస్తాడు.

చివరగా మన సంఘానికి ఒక మనవి. కార్తీక వనభోజనాలకు మనం అమ్మేది కుటుంబ కూపను. ఒక్కరుగా ఉన్నవారు నలుగురి ధర ఎందుకు కట్టాలని ఆగిపోతున్నారు, ఆ సంగతి పైకి చెప్పడం లేదు. ఈ ఏడాది నుంచి తలకొక కూపను పెడదాం. పంక్తిలో ఒంటరిగా వచ్చినవారిని చివర కూర్చోబెట్టకుండా మధ్యలో కూర్చోబెడదాం. ఇంట్లో మజ్జిగతో రాత్రి గడిపే మన పెద్దలకు మేము చెప్పేది ఒకటే. ఈ పేట హోటళ్ళు మీలాంటివారి కోసమే మొదలయ్యాయి. గల్లాపెట్టె దగ్గర "ఎంతమంది?" అని అడిగితే గొంతు తగ్గించకుండా "ఒక్కరే" అనండి. అక్కడ అది రోజూ వినే మాటే.